సంతకం ఆమెది, పంపకం ఎవరిది?

స్త్రీలకు ఆస్తి హక్కు అనగానే మనకు పొలం, ఇల్లు, బంగారం గుర్తుకొస్తాయి. 1986లో మన రాష్ట్రం హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి, 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్లికాని కూతుళ్లకు కొడుకులతో సమానంగా ఉమ్మడి ఆస్తిలో వాటా ఇచ్చినప్పుడూ చర్చంతా పొలం గట్ల చుట్టూనే తిరిగింది. 2005లో కేంద్రం అదే పని దేశమంతటికీ చేసినప్పుడూ అంతే. వ్యాపారంలో, అంటే ఫర్ములో, ఆడవాళ్ల వాటా ఏమవుతోందని అడిగినవాళ్లు తక్కువ.

మన ప్రాంతంలో ఈ ప్రశ్న చిన్నది కాదు. చిత్తూరు బెల్లం మండీలు, మదనపల్లె టమోటా మండీలు, దామలచెరువు, బంగారుపాళ్యం మామిడి వ్యాపారం, చిత్తూరు చుట్టూ వెలసిన మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు, కుప్పం గ్రానైటు, తిరుపతి లాడ్జీలు, వాహనాల ఫైనాన్సు. వీటిలో చాలాభాగం పెద్ద కంపెనీలు కావు, బంధువులు కలిసి పెట్టుకున్న భాగస్వామ్య సంస్థలు. బోర్డు మీద ‘అండ్ సన్స్’ అనో ‘బ్రదర్స్’ అనో ఉంటుంది. ‘అండ్ డాటర్స్’ అని మనం ఎక్కడైనా చూశామా? కానీ బోర్డు వెనక ఉన్న కాగితాలు తిరగేస్తే అక్కడ ఆడవాళ్ల పేర్లకు కొదవలేదు. భార్య, తల్లి, వదిన, కోడలు. ఒకరికి పాతిక శాతం, ఇంకొకరికి పదిహేను, కొన్నిచోట్ల యాభై ఒకటి.

ఈ పేర్లు ఊరికే రాలేదు. ఫర్ము పెట్టడానికి కనీసం ఇద్దరు మనుషులు కావాలి. ఇంట్లో ఉన్న రెండో మనిషి భార్య. స్త్రీలకని ప్రకటించిన రుణం కావాలంటే స్త్రీ పేరు ఉండాలి. 2016లో వచ్చిన స్టాండప్ ఇండియా పథకంలో, సంస్థ పేర రుణం తీసుకోవాలంటే దళిత, ఆదివాసీ వర్గాల వారికో స్త్రీకో 51 శాతం వాటా, నిర్వహణపై అదుపు ఉండాలన్నది నిబంధన. కాగితం మీద 51 శాతం రాయడం ఒక్క సాయంత్రం పని. అదుపు ఇవ్వడం అనేది మాత్రం ఏ కుటుంబానికీ ఒక్క సాయంత్రంలో అయ్యేది కాదు. అంతకుముందు ఇంకో లెక్క ఉండేది. 1984లో రిజర్వు బ్యాంకు చట్టంలో చేర్చిన నిబంధన ప్రకారం, ఫర్ము ప్రజల దగ్గర డిపాజిట్లు తీసుకోవాలంటే ఒక్కో భాగస్వామికి 25 మంది డిపాజిటర్ల చొప్పున, మొత్తం 250కి మించకూడదు. భాగస్వాములు పెరిగితే డిపాజిటర్లూ పెరగవచ్చు. ఇంట్లో ఆడవాళ్ల పేర్లన్నీ రాయించడానికి ఇంతకంటే మంచి కారణం ఏముంటుంది? ఫైనాన్సు వ్యాపారం చేసే ఫర్ములు ప్రజల డిపాజిట్లు తీసుకోవడాన్ని 1997లో పూర్తిగా నిషేధించారు. ఆ పేర్లు రాసే అలవాటు మాత్రం పోలేదు.

ఈ వ్యాసంలో నేను అడగదలచింది ఒక్కటే. ఫర్ము డబ్బు ఎవరు ఎంత తీసుకోవచ్చు, ఎప్పుడు తీసుకోకూడదు, తీసుకోకూడని సమయంలో తీసుకుంటే ఎవరు తిరిగి కట్టాలి? ఇది లెక్కల పరిభాషలో చాలా పొడిగా వినిపించే ప్రశ్న. కానీ ఎందరో స్త్రీల ఇళ్లు, నగలు, జీవనభృతి దీనిమీదే ఆధారపడి ఉన్నాయి.

చట్టం ఏం చెబుతోంది

మన భాగస్వామ్య చట్టం 1932 నాటిది. అందులో 13వ సెక్షను ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, భాగస్వాములందరూ లాభాలు సమానంగా పంచుకోవాలి, నష్టాలూ సమానంగా భరించాలి. పెట్టుబడి మీద వడ్డీ ఇచ్చుకోవాలని ఒప్పందంలో రాసుకున్నా, దాన్ని లాభాల్లోంచే ఇవ్వాలి. 25వ సెక్షను ప్రకారం, తాను భాగస్వామిగా ఉన్న కాలంలో ఫర్ము చేసిన ప్రతి పనికీ ప్రతి భాగస్వామీ అందరితో కలిసీ విడిగానూ బాధ్యత వహించాలి. ‘విడిగా’ అన్న ఈ మాటలో ఉంది ప్రమాదమంతా. అప్పు ఇచ్చినవాడు నలుగురు భాగస్వాముల్లో ఎవరి దగ్గర ఆస్తి కనిపిస్తే వారి దగ్గరే మొత్తం బాకీ వసూలు చేసుకోవచ్చు. వాటా పది శాతమే అన్నా, షాపు మెట్లెక్కలేదన్నా, పైసా చేతికి రాలేదన్నా అప్పులవాడికి అది జవాబు కాదు.

మరి డబ్బు బయటికి తీసుకోవడానికి హద్దు ఏది? ఫర్ము రద్దయ్యాక ఒక క్రమం ఉంది. 48వ సెక్షను ప్రకారం ముందు బయటివాళ్ల అప్పులు తీర్చాలి. తర్వాత భాగస్వాములు పెట్టుబడికి మించి ఇచ్చిన చేబదుళ్లు. ఆ తర్వాత పెట్టుబడి. ఏమైనా మిగిలితే లాభాల నిష్పత్తిలో పంపకం. ఫర్ము నడుస్తున్నంతకాలం మాత్రం భాగస్వాములు సొంతానికి తీసుకునే డబ్బుకు చట్టం ప్రత్యేకంగా హద్దేమీ పెట్టలేదు. అంతా ఒప్పందానికే వదిలేసింది. దీనికి ఒక తర్కం ఉంది. భాగస్వాముల సొంత ఆస్తులన్నీ ఎలాగూ పూచీగా ఉన్నాయి కాబట్టి, వాళ్లు ఫర్ము గల్లాలోంచి జేబులోకి ఎంత మార్చుకున్నా అప్పులవాడికి నష్టం లేదని చట్టం అనుకుంది. గల్లా, జేబు రెండూ ఒకే మనిషివన్న ఊహ మీద కట్టిన తర్కం ఇది. జేబు మగవాడిది, పూచీ ఆడదానిది అయినప్పుడు ఈ తర్కం ఏమవుతుందో చట్టం ఆలోచించలేదు.

వేరే దేశాల్లో పరిమిత భాగస్వామ్యం అనే పద్ధతి ఉంది. న్యూయార్క్ రాష్ట్రం 1822లోనూ, ఇంగ్లండు 1907లోనూ దీనికి చట్టాలు చేశాయి. ఇందులో ఒక భాగస్వామి డబ్బు పెడతాడు, వ్యాపారం నడపడు. అతని బాధ్యత పెట్టిన డబ్బు వరకే. అయితే ఆ రక్షణకు బదులుగా చట్టం ఒక షరతు పెట్టింది. ఇంగ్లండు చట్టం ప్రకారం వ్యాపారం నడుస్తుండగా అతను తన పెట్టుబడి వెనక్కి తీసుకోకూడదు. తీసుకుంటే, తీసుకున్నంత మేరకు ఫర్ము అప్పులకు బాధ్యుడవుతాడు. (2017లో పెట్టుబడి ఫండ్లకు దీనిని కొంత సడలించారు.) అమెరికాలో 2001 నాటి నమూనా చట్టం రెండు పరీక్షలు పెట్టింది. పంపకం తర్వాత ఫర్ము తన అప్పులు గడువుకు తీర్చలేని స్థితికి వస్తుందా? ఆస్తులకంటే అప్పులు ఎక్కువవుతాయా? ఏ ఒక్కదానికి అవునన్నా పంపకం చెల్లదు. అది తెలిసే తీసుకున్నవారు, తీసుకోదగిన దానికి మించి తీసుకున్నంత వెనక్కి కట్టాలి. ఇంగ్లండులో 2000 సంవత్సరం తర్వాత వచ్చిన పరిమిత బాధ్యత భాగస్వామ్యాలకు కూడా ఇలాంటిదే ఉంది. మూసివేతకు ముందు రెండేళ్లలో, సంస్థ అప్పులు తీర్చలేదని తెలిసీ డబ్బు తీసుకున్న సభ్యుడి చేత కోర్టు తిరిగి కట్టించవచ్చు. అయితే తీసుకున్న దానికి మించి కట్టమనకూడదు.

ఈ చట్టాలు స్త్రీల కోసం చేసినవి కావు, డబ్బున్నవాళ్ల కోసం చేసినవి. అయినా వాటిలో ఒక న్యాయసూత్రం ఉంది. ‘తీసుకున్నవాడే తిరిగి కట్టాలి, తీసుకున్నంత మేరకే కట్టాలి.’ మన ఇళ్లలోని ఫర్ములకు ఈ సూత్రాన్ని పెట్టి చూద్దాం.

ఒక చిన్న లెక్క

ఒక గుజ్జు ఫ్యాక్టరీ అనుకుందాం. నలుగురు భాగస్వాములు: ఇద్దరు అన్నదమ్ములు, వాళ్ల తల్లి, పెద్దవాడి భార్య. తలా పది లక్షలు, మొత్తం 40 లక్షల పెట్టుబడి. కోడలి పది లక్షలు పుట్టింటివాళ్లు పెట్టిన నగలు అమ్మితే వచ్చినవి. మొదటి మూడేళ్లలో లాభం 36 లక్షలు. తలా తొమ్మిది లక్షలు వారి వారి ఖాతాల్లో జమ. అన్నదమ్ములిద్దరూ తలా పదిహేను లక్షలు సొంతానికి వాడుకున్నారు. ఒకరు ఇల్లు కట్టారు, ఇంకొకరు స్థలం కొన్నారు. అత్తాకోడళ్లు ఒక్క రూపాయీ తీసుకోలేదు. పుస్తకాల్లో వాళ్ల ఖాతాల్లో చెరి పంతొమ్మిది లక్షలు ఉన్నాయి.

నాలుగో ఏడు దెబ్బ తగిలింది. మామిడి వ్యాపారంలో ఇది అరుదు కాదు. 2025 జూన్‌లో తోతాపురి ధర కుప్పకూలి, కిలోకు ఫ్యాక్టరీలు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు ఇచ్చేలా నిర్ణయించాల్సి వచ్చింది. రైతు ఎటూ మునిగాడు, పాత గుజ్జు నిల్వలు అమ్ముడుపోని యూనిట్లూ చిక్కుల్లో పడ్డాయి. మన ఊహా ఫ్యాక్టరీకి అలాంటి ఏడాదే వచ్చి, మూతపడింది. బయటి అప్పులు 60 లక్షలు. యంత్రాలు, షెడ్డు తెగనమ్మితే 45 లక్షలు వచ్చాయి. లోటు 15 లక్షలు.

ఇప్పుడు రెండు లెక్కలు వేద్దాం. మొదటిది అప్పులవాడి లెక్క. 25వ సెక్షను ప్రకారం ఆ పదిహేను లక్షలూ కోడలి ఒక్కదాని దగ్గరే వసూలు చేయవచ్చు. ఆమె పేర పుట్టింటివాళ్లు తిరుపతిలో ఇచ్చిన చిన్న ఇల్లు ఉంటే సరిపోయింది. రెండోది భాగస్వాముల మధ్య లెక్క. నష్టం మొత్తం 61 లక్షలు, తలా పదిహేనుం పాతిక, అంటే 15 లక్షల 25 వేలు. కోడలి పంతొమ్మిది లక్షల్లోంచి ఇది తీసేస్తే ఆమెకే ఇంకా 3 లక్షల 75 వేలు రావాలి. అత్తకూ అంతే. అన్నదమ్ముల ఖాతాల్లో మిగిలింది చెరి నాలుగు లక్షలే కాబట్టి ఇద్దరూ చెరి 11 లక్షల 25 వేలు కట్టాలి. న్యాయంగా చూస్తే బాకీపడ్డది వాళ్లు. ఇల్లు పోయేది ఆమెకు. తర్వాత ఆమె మగవాళ్ల మీద దావా వేసి రాబట్టుకోవచ్చని చట్టం ఓదారుస్తుంది. మొగుడి మీద, మరిది మీద, లెక్కల పుస్తకాలు వాళ్ల బీరువాలో ఉండగా!

ఇంకో మాట గమనించాలి. ఆ ముప్పై లక్షలూ ఫర్ములోనే ఉండి ఉంటే, ఆస్తులు 75 లక్షలయ్యేవి. అందరి అప్పులూ తీరి పదిహేను లక్షలు మిగిలేవి కూడా. కాబట్టి ఫర్మును ముంచినదాంట్లో మామిడి ధరకు ఎంత వాటా ఉందో, అదుపులేని వాడకానికీ అంతే వాటా ఉంది.

‘పెట్టుబడి’గా మారిన స్త్రీధనం

ఇందులో ఇంకో మోసం కలిసి ఉంది. 1985లో ప్రతిభారాణి కేసులో సుప్రీంకోర్టు, స్త్రీధనం అత్తింటి గడప దాటగానే భార్యాభర్తల ఉమ్మడి ఆస్తి అయిపోదని స్పష్టంగా చెప్పింది. భర్త దగ్గర ఉన్నది ఆమె నమ్మి అప్పగించిన సొత్తు, తిరిగి ఇవ్వకపోతే అది నమ్మకద్రోహమనే నేరం. ఎందరో స్త్రీలకు ఆ తీర్పు ఆయుధమైంది. కానీ అవే నగలు అమ్మి ఆ డబ్బును ఫర్ములో ఆమె పెట్టుబడిగా పద్దు రాసిన క్షణంలో పరిస్థితి మారిపోతుంది. భాగస్వామ్య ఆస్తిని ఒక భాగస్వామి మామూలుగా తన చేతిలో పెట్టుకుని వాడుకున్నంత మాత్రాన అది నమ్మకద్రోహ నేరం కాదని 1965లోనే వెల్జీ రాఘవ్‌జీ పటేల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పి ఉంది. ప్రత్యేకంగా అప్పగించినట్టు రుజువు చేస్తే తప్ప అది సివిల్ కోర్టులో తేల్చుకోవలసిన లెక్కల తగాదా. నిన్నటిదాకా పోలీసు స్టేషనుకు వెళ్లగలిగిన స్త్రీ ఒక్క పద్దుతో సంవత్సరాల తరబడి సాగే దావాలోకి నెట్టబడుతుంది. ఆ పద్దు రాసేటప్పుడు ఆమెను అడిగేవారెవరు?

1966లో అద్దంకి నారాయణప్ప కేసు మన రాష్ట్రం నుంచే సుప్రీంకోర్టుకు వెళ్లింది. రెండు కుటుంబాలు చెరిసగం వాటాతో నడిపిన బియ్యం, వేరుశనగ మిల్లు వ్యాపారం అది. ఫర్ము నడుస్తున్నంతకాలం అందులోని ఫలానా భూమి, ఫలానా యంత్రం నాదని ఏ భాగస్వామీ అనలేడని కోర్టు చెప్పింది. అతనికి ఉండే హక్కు రెండే: అప్పుడప్పుడూ లాభంలో వాటా, రద్దయ్యాక అప్పులన్నీ తీరగా మిగిలినదాంట్లో వాటా. ఈ రెండు మాటల్నీ మన కోడలికి అన్వయించి చూడండి. ‘అప్పుడప్పుడూ లాభం’ ఆమెకు పుస్తకంలో అంకెగానే వచ్చింది. ‘మిగిలిన వాటా’ ఆమె వంతు వచ్చేసరికి ఏమీ మిగలలేదు. మగవాళ్లు మాత్రం తమ వంతు మధ్యలోనే ఇటుకలుగా, స్థలంగా మార్చుకున్నారు.

చేతికి రాని ఈ లాభం ఆమెకు ఇంకో చోట శత్రువవుతుంది. 1993-94 నుంచి ఫర్ము తన లాభం మీద తానే పన్ను కడుతుంది, భాగస్వామి వాటాకు మళ్లీ పన్ను లేదు. ‘పనిచేసే భాగస్వామి’కిచ్చే జీతాన్ని మాత్రం పరిమితికి లోబడి ఫర్ము ఖర్చుగా చూపవచ్చు. అందుకని షాపుకే వెళ్లని భార్య కాగితాల్లో ‘పనిచేసే భాగస్వామి’ అవుతుంది. ఆమె పేర రిటర్ను దాఖలవుతుంది. పాస్‌వర్డు ఆడిటరు దగ్గరో భర్త దగ్గరో ఉంటుంది. రేపు ఆమెను వదిలేస్తే, మనోవర్తి కేసులో అవే రిటర్నులు తీసి “ఈమెకు సొంత ఆదాయం ఉంది” అంటారు. నిజంగా షాపులో కూర్చుని, కూలీలకు వండిపెట్టి, లెక్కలు చూసిన ఎందరో ఆడవాళ్ల శ్రమకు మాత్రం ఏ కాగితంలోనూ జీతం ఉండదు. చెయ్యని పనికి కాగితం మీద జీతం, చేసిన పనికి సున్నా. ఇంటిచాకిరీని పనిగా లెక్కించని సమాజం, ఫర్ములో ఆడవాళ్ల పేరును మాత్రం ఎంత జాగ్రత్తగా లెక్కిస్తుందో!

విధవల విషయానికి వస్తే, చట్టమే వాళ్లను గుమ్మం దగ్గర నిలబెట్టింది. చనిపోయిన భాగస్వామి భార్యకో బిడ్డకో లాభంలోంచి ఏటా కొంత ఇచ్చినా, అంతమాత్రాన వాళ్లు భాగస్వాములు కారని 6వ సెక్షను వివరణ చెబుతుంది. ఆమె నెత్తిన అప్పులు పడకుండా కాపాడే నిబంధనగా ఇది మంచిదే. కానీ అదే నిబంధనతో పుస్తకాలు చూసే హక్కు కూడా ఆమెకు దూరమవుతుంది. లెక్క తేల్చకుండా మిగతావాళ్లు వ్యాపారం కొనసాగిస్తే, 37వ సెక్షను కింద ఆమె రెండింటిలో ఒకటి ఎంచుకోవచ్చు: ఆ సొమ్ము వాడకం వల్ల వచ్చిన లాభంలో వాటా, లేదా ఏటా ఆరు శాతం వడ్డీ. లాభం ఎంతో తెలియనివ్వరు కాబట్టి చివరికి వడ్డీయే గతి. 1932లో పెట్టిన ఆ ఆరు శాతం నేటికీ ఆరే.

ఎదురయ్యే అభ్యంతరం

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, దానిని తేలిగ్గా తీసిపారేయకూడదు. “ఆడవాళ్లకు బాధ్యత లేదంటే మగవాళ్లందరూ ఆస్తులు భార్యల పేర పెట్టి అప్పులు ఎగ్గొడతారు. ఫైనాన్సుల్లో డబ్బు దాచుకుని మోసపోయినవాళ్లలో ఆడవాళ్లు లేరా?” అని అడుగుతారు. నిజమే. పూలు అమ్మి, ఇళ్లలో పనిచేసి కూడబెట్టిన డబ్బును నాలుగు రూపాయల వడ్డీకి ఆశపడి ఫైనాన్సులో దాచుకున్న స్త్రీ కూడా మన స్త్రీయే. ఆ డిపాజిటర్ల కోసమే 1999లో మన రాష్ట్రం ప్రత్యేక చట్టం చేసి, సంస్థ ఆస్తి చాలకపోతే భాగస్వాముల ఆస్తులనూ జప్తు చేసే వీలు కల్పించింది. ఆ చట్టాన్ని మనం వద్దనలేం.

కానీ ఈ రెండు వర్గాల స్త్రీల ప్రయోజనాలు ఎదురెదురుగా ఉన్నాయనుకోవడం పొరపాటు. నేను అడుగుతున్నది స్త్రీ అన్న ఒక్క కారణంతో మినహాయింపు కాదు. డబ్బు ఎటు పోయిందో అటే చట్టం వెంటపడాలంటున్నాను. డబ్బు భార్య పేర చేరి, ఆమె దానిని అనుభవిస్తుంటే ఆమెను వెంటపడాలి. ఆమె చేతికి ఏమీ రాకపోతే, ముందుగా తీసుకున్నవాళ్ల దగ్గరికి వెళ్లాలి. పై లెక్కలో అన్నదమ్ములు తీసుకున్న ముప్పై లక్షలు ముందు వెనక్కి రప్పిస్తే, అప్పులవాళ్ల పదిహేను లక్షలూ తీరుతాయి, కోడలి ఇల్లూ నిలుస్తుంది. పంపకాల మీద హద్దు డిపాజిటరు స్త్రీనీ, పేరుకు భాగస్వామి అయిన స్త్రీనీ ఒకేసారి కాపాడుతుంది. ఆ హద్దు లేకపోవడం ఎవరికి లాభమో వేరే చెప్పనక్కర్లేదు.

“ఇదంతా 2008 చట్టంతో తీరిపోయింది కదా” అనేవాళ్లూ ఉన్నారు. నరేష్ చంద్ర కమిటీ 2003లోనూ ఇరానీ కమిటీ 2005లోనూ సిఫార్సు చేయగా పరిమిత బాధ్యత భాగస్వామ్య చట్టం వచ్చింది, 2009 మార్చి 31 నుంచి అమలవుతోంది. ఇందులో భాగస్వామి అయినంత మాత్రాన సొంత ఆస్తి పూచీ కాదు. మోసం చేసే ఉద్దేశంతో నడిపినవారికి మాత్రం అపరిమిత బాధ్యత ఉంటుంది. ఇది మెరుగే. కానీ ఈ చట్టంలో కూడా, అప్పులు తీర్చలేని స్థితిలో భాగస్వాములు లాభాలు పంచుకోకూడదన్న ప్రత్యేక పరీక్ష లేదు. ఏటా ఒక ప్రకటన దాఖలు చేయాలి, సంస్థ తన అప్పులు తీర్చగలదని అందులో బాధ్యులైన భాగస్వాములు సంతకం చేయాలి. ఆ సంతకం కూడా భార్యచేత పెట్టించే ప్రమాదం ఉందని మనం మరిచిపోకూడదు. పైగా బ్యాంకు ఎలాగూ విడిగా హామీపత్రం రాయించుకుంటుంది. హామీ ఇచ్చినవారికి పరిమిత బాధ్యత ఉండదు. అన్నిటికంటే ముఖ్యంగా, పాత ఫర్ములు పాత చట్టం కిందే నడుస్తున్నాయి.

మనం చేయగలిగింది

చట్టం మారేదాకా కూర్చోనక్కర్లేదు. ఉన్న చట్టంలోనే కొన్ని తలుపులు ఉన్నాయి. ఏ పేరుతో, ఎంత వాటాతో తాను ఫర్ములో ఉన్నదీ తెలుసుకోవడం మొదటిది. రిజిస్టరైన ఫర్ముల పట్టీ రిజిస్ట్రారు దగ్గర ఉంటుంది, రుసుము కట్టి ఎవరైనా చూడవచ్చు, నకలు తీసుకోవచ్చు. 12వ సెక్షను ప్రకారం ఫర్ము పుస్తకాలు చూసి రాసుకునే హక్కు ప్రతి భాగస్వామికీ ఉంది. చిట్టా, ఆవర్జా చూపించమని అడగడం మొగుణ్ణి అనుమానించడం కాదు, పది లక్షలు పెట్టిన భాగస్వామి అడిగే మామూలు ప్రశ్న. గడువు నిర్ణయించుకోని ఫర్మయితే మిగతావారికి రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి తప్పుకోవచ్చు. అయితే బయటివాళ్లకు తెలిసేలా బహిరంగ ప్రకటన చేయాలి. రిజిస్టరైన ఫర్మయితే రిజిస్ట్రారుకు తెలిపి, గెజిట్‌లోనూ స్థానిక భాషా పత్రికలోనూ వేయించాలి. లేకపోతే ఆ తర్వాత చేసిన అప్పులు కూడా చుట్టుకునే ప్రమాదం ఉంది. పాత అప్పుల బాధ్యత ఎటూ పోదు, అందుకే తప్పుకోవడానికి ఆలస్యం పనికిరాదు.

కోర్టు నుంచి సమన్లు వస్తే తీసుకుని అలమారలో పడేయకూడదు. భాగస్వామిగా విడిగా సమను అందుకుని హాజరు కాకపోతే, ఫర్ము మీద వచ్చిన డిక్రీని నేరుగా ఆమె ఆస్తి మీద అమలు చేయవచ్చు. భర్త చనిపోతే, వేరే ఒప్పందం లేనప్పుడు, ఫర్ము రద్దయినట్టే. రద్దయిన నాటి నుంచి మూడేళ్లలోపు లెక్కల కోసం దావా వేయాలి. “ఇంట్లో కర్మకాండలు కానీ, పిల్ల పెళ్లి కానీ, తర్వాత చూద్దాం” అని బావగార్లు నచ్చజెప్పే కాలం సరిగ్గా ఈ మూడేళ్లే. ఫర్ము రిజిస్టరు కాలేదు కాబట్టి కోర్టుకు వెళ్లలేవని ఎవరైనా భయపెడితే నమ్మవద్దు. రద్దు కోసం, రద్దయిన ఫర్ము లెక్కల కోసం వేసే దావాకు ఆ అడ్డంకి లేదని 69వ సెక్షనే చెబుతోంది.

సంఘాలుగా మనం అడగవలసినవి ఇంకా ఉన్నాయి. స్త్రీని భాగస్వామిగా చేర్చే ఒప్పందం ఆమెకు తెలిసిన భాషలో ఉండాలి, బాధ్యత అపరిమితమన్న సంగతి రిజిస్ట్రారు కార్యాలయంలో ఆమెకు చదివి వినిపించాలి. స్త్రీల వాటా చూపి రుణం తీసుకున్న ఫర్ములో, ఆ వాటాకు తగిన లాభం నిజంగా ఆమె సొంత ఖాతాలో పడిందో లేదో బ్యాంకు ఏటా చూడాలి. 1932 చట్టాన్ని సవరించి, అప్పులు తీర్చలేని స్థితిలో సొంతానికి తీసుకున్న డబ్బును తీసుకున్నవారి నుంచి ముందు రాబట్టాలని, అది చాలకపోతేనే ఏమీ తీసుకోని, నిర్వహణలో లేని భాగస్వామి దగ్గరికి రావాలని రాయాలి. ఆరు శాతం వడ్డీని బ్యాంకు వడ్డీ స్థాయికి పెంచాలి.

ఇవి మరీ పెద్ద కోరికలా? మన ఊళ్లలో పొదుపు సంఘాల ఆడవాళ్లు దశాబ్దాలుగా ఇదే సూత్రం మీద డబ్బు నడుపుతున్నారు. ఎవరు ఎంత కట్టారు, ఎవరు ఎంత తీసుకున్నారు, ఎవరు ఎంత బాకీ అన్నది మీటింగులో అందరి ముందూ చదువుతారు, పుస్తకంలో రాస్తారు. తీసుకున్నామె కడుతుంది. 1992లో నెల్లూరు పల్లెల్లో మొదలై మన జిల్లాకూ పాకిన సారా వ్యతిరేక ఉద్యమంలోనూ ఆడవాళ్లు వేసిన మొదటి ప్రశ్న లెక్కల ప్రశ్నే: కూలి డబ్బు ఎంత వచ్చింది, అది ఎక్కడికి పోతోంది? మండీ వీధిలోని ఫర్ము ఆ ప్రశ్నకు అతీతం కాదు. ఆమె సంతకం కావలసి వచ్చిన ప్రతి చోటా ఆమెకు లెక్క చెప్పాలి. లెక్క చెప్పని చోట సంతకం చేయకపోవడం ఇప్పటికీ మన చేతిలో ఉన్న హక్కే.